పాడె బండి

చక్రమున్న దేన్నైనా నేను తోలగలను. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. రోడ్డు రోలరు తోలాను. రొట్టెలవాడి మూడు చక్రాల బండి తోలాను. ఒకసారి రివర్సు గేరు తప్ప మరేదీ పడని జీపులో పెళ్ళివారిని ఎక్కించుకుని, అన్ని ఊళ్ళూ వెనక్కి వెనక్కి నడిపి, పెళ్ళి వేళకు దింపాను. దారి పొడవునా పెళ్ళికొడుక్కి తను వదిలి వచ్చిన ఇల్లే కనిపిస్తూ ఉందట. పెళ్ళయ్యాక కూడా చాలాకాలం అటే చూసేవాడని అతని భార్య నన్ను తిట్టిపోసేది. ఇంత చేసినా ఒక్క బండీ నన్ను కింద పడెయ్యలేదు.

అలాంటివాణ్ణి నేను ఇంట్లో ఉండగా, ఒక్క మాటైనా అడక్కుండా, మంచుకాలం మొదట్లో మా అల్లుడు ఆ బండి కొన్నాడు.

ఇల్లరికం అల్లుళ్ళను మీరు చూసుంటారు. నేను ఇల్లరికం మామను. మా ఆవిడ పోయాక అమ్మాయి నన్ను తన ఇంటికి తెచ్చుకుని ముందుగదిలో ఒక మంచం, గోడకు ఒక మేకు ఇచ్చింది. మేకు మీద చొక్కా, మంచం మీద నేను. మిగిలిన గదంతా అమ్మాయి కుట్టు మిషనుదీ, అది హోటళ్ళకు కుట్టే దిండు గలీబులదీ.

అల్లుడిది గాజు సీసాల ఫ్యాక్టరీలో పని. మొదట్లో సీసాల పెట్టెలు లారీకెక్కించేవాడు. ఒకరోజు పెట్టె లేచింది, తను లేవలేదు. వెన్నుపూసల మధ్య మెత్త జారిందన్నాడు డాక్టరు. బరువెత్తకూడదు, కుదుపు తగలకూడదు, ముందుకు వంగకూడదు. ఫ్యాక్టరీవాళ్ళు దయతలిచి లైటు బల్ల దగ్గర వేశారు. వెలిగే తెల్లటి పలక ముందు బెల్టు మీద సీసాలు నడుస్తుంటాయి. వెంట్రుకంత బీటున్న సీసాను కూడా కనిపెట్టి పక్కకు తియ్యాలి. కూర్చుని చేసే పని. ఆ కుర్చీ కోసం గేటు బయట చాలామంది కాచుకుని ఉన్నారు. అందుకే షిఫ్టు మేస్త్రీ మొదటిరోజే తేల్చి చెప్పాడట: "పని తేలిక. వేళకు రావడం ఒక్కటే బరువు. బెల్టు ఎవరికోసమూ ఆగదు. రాలేనంటే చెప్పు, ఇంకొకణ్ణి కూర్చోబెడతా."

చిక్కంతా ఆ రావడంలోనే వచ్చింది. బస్సులో నిలబడితే గతుక్కొక పోటు. స్కూటరు ఎక్కితే గతుక్కి రెండు. కొన్నాళ్ళు సాయంత్రం గుమ్మంలోంచి నిటారుగా కాక, గోడ పట్టుకుని వచ్చాడు. ఒకరోజు మోకాళ్ళ మీద వచ్చాడు. అమ్మాయి చూసింది, మిషను సూది విరిగేదాకా తొక్కింది. ఇంకొక ఆలస్యమైతే కుర్చీ పోతుందని మేస్త్రీ హెచ్చరించిన వారమే ఈ బండి వచ్చింది.

"దీన్ని రికంబెంట్ అంటారు మామయ్యా" అన్నాడు అల్లుడు.

"నా పళ్ళసెట్టుకు ఆ మాట పట్టదు. తెలుగులో చెప్పు."

"వెనక్కి వాలి కూర్చుని తొక్కేది. నడుము మొత్తం సీటుకు ఆనుకుంటుంది. కరెంటు మోటారు వెనక చక్రంలో ఉంది. తొక్కినంత తొక్కచ్చు, అలిసిపోతే అదే లాక్కుపోతుంది."

చూద్దును కదా, మన పడకకుర్చీకి ముందొక చిన్న చక్రం, వెనకొక పెద్ద చక్రం తగిలించినట్టుంది. పెడళ్ళు ముందు చక్రానికి కూడా ముందు, గాలిలో ఉన్నాయి. గొలుసు పొడవు చూస్తే బావిలో బాల్చీ దించడానికి సరిపోతుంది.

అమ్మాయి మిషను ఆపి వచ్చి చుట్టూ తిరిగింది. "ఛార్జింగ్ ఎంత దూరం వస్తుంది?"

"వెళ్ళి రావడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. బ్యాటరీ ఊడదీసి వంటగదిలో పెట్టుకోవచ్చు."

"వానొస్తే?"

"కోటు."

"పంక్చరైతే?"

"ముందు టైరు సైజు అన్నిచోట్లా దొరకదు. ఒక ట్యూబు దగ్గరుంచుకుంటా."

"ఇంత కిందుగా ఉంటే లారీవాళ్ళకు కనిపిస్తారా?"

అల్లుడు బ్రేకు తీగ సవరించే పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్న బండి మొదటిసారి వీధిలోకి వెళ్ళింది. వీధంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది. అంతమంది ఒకచోట దొరికితే నేను ఊరుకుంటానా? "కాళ్ళు ముందు, తల వెనక, వెల్లకిలా. మనిషి ఇలా వీధి దాటేది జన్మకొక్కసారి, అదీ నలుగురు మోస్తే. మా అల్లుడు రోజూ దాటుతాడు, కరెంటు మీద. దీని పేరు పాడె" అన్నాను.

వీధి పగలబడి నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. "నాన్నా, ఆ మాట వెనక్కి తీసుకో" అంది.

"ఎట్లా తియ్యనమ్మా, అప్పుడే అందరూ తలా కాస్త పట్టుకుపోయారుగా."

నిజంగానే పట్టుకుపోయారు. వారం తిరిగేసరికి "పాడె వస్తోంది, తప్పుకోండి" అని పిల్లలు అరిచేవాళ్ళు. "పాడె ఇంకా రాలేదేమిటి?" అని టీకొట్టువాడు అడిగేవాడు. చివరికి అల్లుడే, "మామయ్యా, కాస్త పాడె వెనక పట్టండి, గేటు దాటిద్దాం" అనేవాడు. గేటు ఇరుకు, బండి పొడవు. రోజూ అమ్మాయి గేటు తెరిచి పట్టుకుంటే నేను వెనక వైపు ఎత్తి తిప్పేవాణ్ణి. అమ్మాయి మాత్రం ఆ పేరు ఎన్నడూ పలకలేదు. "బండి" అనేది.

నిజం చెప్పాలంటే బండి చెప్పిన పనల్లా చేసింది. అల్లుడు నిటారుగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. వేళకు ముందే ఫ్యాక్టరీలో ఉంటున్నాడు. భోజనాల దగ్గర జోకులు వేస్తున్నాడు. ఎదురుగాలి దానికి తగలదట. టిఫిను డబ్బా సీటు వెనక సంచీలో తొణకదట. మెల్లగా పోతేనే అటూ ఇటూ ఊగుతుందట. ఒక్కటే ఇబ్బంది: ఫ్యాక్టరీ రోడ్డు మీద ఇసుక లారీలు, పగిలిన గాజు లారీలు. అవి రాల్చిన పెంకులు టైర్లకు గుచ్చుకుంటాయి. పెంకుల సంగతే చెప్పేవాడు. లారీల సంగతి చెప్పేవాడు కాదు.

ఆ తరువాత మంచు దిగింది.

నేను చాలా మంచు చూశాను, కొడవలితో కోసి కట్టలు కట్టేంత మంచు చూశాను. కానీ ఆ ఏడాదిది వేరు. పొద్దున్న తలుపు తీస్తే మెట్టు ఉండేది, మెట్టు అవతల లోకం ఉండేది కాదు. గేటు దాటగానే అల్లుడు మాయమయ్యేవాడు. బండి వెనకున్న ఎర్ర దీపం కాస్సేపు కనిపించేది, తరువాత అదీ ఆరినట్టయ్యేది. మోటారుకు చప్పుడు లేదు. మనిషి వెళ్ళాడో, అక్కడే నిలబడ్డాడో కూడా తెలిసేది కాదు. ఎక్కడో పెద్దరోడ్డు మీద లారీ హారను మోగేది. హారను మోగినప్పుడల్లా లోపల అమ్మాయి మిషను ఆగేది. ఆగి, మళ్ళీ మొదలయ్యేది. ఆ రోజుల్లో కుట్టిన గలీబుల అంచుల్లో కుట్టు ఎక్కడెక్కడ ఆగిందో వేలితో తడిమి చెప్పొచ్చు.

అప్పుడే అది జెండా కుట్టింది. నారింజరంగు గుడ్డ, రెండు అంచులా జంటకుట్టు. పొడవాటి ఫైబరు కర్రకు కట్టి సీటు వెనక నిలబెట్టారు. "పాడెకు జెండా కూడానా" అని నోటిదాకా వచ్చింది. అమ్మాయి ముఖం చూసి మింగేశాను. నేను మింగిన జోకు నాకు తెలిసి అదొక్కటే.

కొద్దిరోజులకు ఒక సాయంత్రం బండి జెండా లేకుండా వచ్చింది. కర్ర మొదలుకంటా విరిగి ఉంది.

"జెండా ఏది?" అంది అమ్మాయి.

"గాలికి విరిగింది. వంతెన మీద."

"మంచు ఉన్న రోజు అంత గాలేమిటి?"

"వంతెన మీద ఉంటుంది" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు. అమ్మాయి ఇంకొక జెండా కుట్టడానికి కూర్చుంది.

ఆ ఆదివారం నాకు బుద్ధిపుట్టింది, ఆ బండి సంగతేమిటో చూద్దామని. ఎక్కడం ఎక్కాను. వీధి చివరిదాకా రాజులా వెళ్ళాను. అక్కడ పెద్దరోడ్డు అంచున ఆపబోతే బండి ఒక వైపు ఒరిగింది, నేను దానితోపాటు పడ్డాను. తిరగబడ్డ తాబేలునైనా చూసి నేర్చుకోవచ్చు, నాకు అదీ చేతకాలేదు. అమ్మాయి వచ్చి చంకల కింద చేతులు వేసి లేపేదాకా ఆకాశం చూస్తూ ఉన్నాను. కాబట్టి మొదట చెప్పిన గొప్పను ఇక్కడితో కొట్టేసుకోండి. జీపు కూడా, ఆ మాటకొస్తే, తోలింది నేను కాదు, మా బావమరిది. నేను వెనక కూర్చుని వాంతులు చేసుకున్నాను.

కానీ కింద పడి ఉన్నప్పుడు ఒక లారీ వెళ్ళింది. అది నన్ను చూసి తప్పుకోలేదు, దాని దారిన అది వెళ్ళింది. పొద్దంతా టీకొట్టు దగ్గర నిలబడి లారీలు చూసేవాణ్ణే, దాని చక్రం అంత పెద్దదని మాత్రం తెలియదు. చక్రం నట్లు నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా తిరిగాయి. తడి రబ్బరు వాసన వచ్చింది. అద్దాల్లో డ్రైవరు ముఖం కోసం చూశాను. అక్కడినుంచి ముఖం కనిపించదు. నాకు అతను కనిపించలేదంటే అతనికి నేనూ కనిపించనట్టే.

ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పని మానెయ్యమనాలి. మానేస్తే మళ్ళీ మోకాళ్ళ మీద రావాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. ఆ రెండూ అతను చెయ్యడు.

ఇక ఆ మరుసటి వారంలో ఒక రోజు సంగతి. పొద్దున్నే అల్లుడు బ్యాటరీ తీసుకుని ఫోను వంటగదిలోనే మరిచిపోయి వెళ్ళాడు. ఎప్పటిలాగే అమ్మాయి గేటు పట్టుకుంది, నేను వెనక ఎత్తాను. మంచు మింగేసింది. తరువాత కొంతసేపటికి వంటగదిలో ఫోను మోగింది. అమ్మాయి మిషను మీద ఉంది, నేను తీశాను. షిఫ్టు మేస్త్రీ.

"ఆయనెక్కడండీ?" అన్నాడు.

"పాడెక్కాడు" అన్నాను.

అతను గొంతు తగ్గించి, "ఎప్పుడు తీశారు?"

"తెల్లారగానే తీశాం. మా అమ్మాయి గేటు పట్టుకుంది, నేను వెనక ఒక చెయ్యి వేశాను."

"మాకు ఒక్క కబురైనా చెయ్యలేదే పెద్దాయనా."

"రోజూ ఉండేదానికి కబురెందుకయ్యా?"

"నిన్న కూడా బాగానే ఉన్నాడే" అన్నాడు.

"చూడ్డానికి ఇవాళా బాగానే ఉన్నాడు. వెల్లకిలా, కాళ్ళు చాపుకుని, హాయిగా."

"అమ్మాయిగారో?"

"కుట్టుకుంటోంది. దాని పని దానిది."

"మీరు ధైర్యంగా ఉండండి పెద్దాయనా" అని ఫోను పెట్టేశాడు. మర్యాదస్థుడు అనుకున్నాను. నేను పెట్టిన పేరు ఈపాటికి ఫ్యాక్టరీ దాకా పాకి ఉంటుందని నా నమ్మకం. అది మా వీధి మలుపు కూడా దాటలేదని తరువాత తెలిసింది.

మధ్యాహ్నమైనా మంచు విడలేదు. ఇంటి ముందు లారీ ఆగింది. మిషను ఆగింది. లారీలోంచి ఇద్దరు దిగారు, షిఫ్టు మేస్త్రీ, ఇసుక లారీ డ్రైవరు. గేటు దగ్గరే టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు.

అమ్మాయి లేచి నిలబడింది. ఒడిలోని గలీబులు కింద పడ్డాయి. "ఎక్కడ?" అంది.

మేస్త్రీ ఆ మాటకు తడబడ్డాడు. "నాన్నగారు చెప్పారమ్మా. షిఫ్టు దిగగానే బయల్దేరాం" అన్నాడు. అమ్మాయి నా వైపు తిరిగింది. నాకేం తెలుసు?

ఈలోగా డ్రైవరు గుమ్మంలోనే కూలబడ్డాడు. భారీ మనిషి. "నాకు కనపళ్ళేదమ్మా" అన్నాడు. "లారీలు తూచే కాటా దగ్గర మలుపులో, ఎడమ పక్క, ఏదో తగిలినట్టయింది. అద్దంలో చూశా. అంతా తెల్లగా ఉంది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆపలేదు. సాయంత్రం బండి కడిగేటప్పుడు ఇది దొరికింది." జేబులోంచి నారింజరంగు గుడ్డ తీశాడు.

అమ్మాయి అందుకుని అంచు తడిమింది. జంటకుట్టు. "ఏ రోజు?" అంది.

"పోయినవారం. అప్పట్నుంచీ భయంభయంగానే ఉన్నా. ఇవాళ గేటు దగ్గర కబురు విన్నాక..."

"పోయినవారం ఇది పోయిన రోజు ఆయన ఇంటికి వచ్చారు" అంది అమ్మాయి.

నాకప్పుడు వెలిగింది. "పోయినవారం పోయినవాడైతే ఇవాళ పొద్దున్న నా టీలో సగం తాగి వెళ్ళినవాడెవడయ్యా?" అన్నాను.

"మీరేగా పాడెక్కాడన్నారు" అన్నాడు మేస్త్రీ.

"అది బండి పేరు."

మేస్త్రీ చూసినట్టు ఇంతవరకు నన్నెవరూ చూడలేదు, నా భార్యతో సహా. "లోకంలో ఇంకో పేరే దొరకలేదా మీకు" అన్నాడు. డ్రైవరు ఏడుపూ నవ్వూ కలిసిన చప్పుడొకటి చేశాడు. నేనూ నవ్వబోయాను.

"అయితే ఆయన ఇవాళ పనికి రాలేదా?" అని అడిగింది అమ్మాయి.

మేస్త్రీ టోపీ వైపు చూసుకున్నాడు. "రాలేదమ్మా. అందుకే ఫోను చేశాను."

అందరం లారీ ఎక్కాం. డ్రైవరు, కిటికీ పక్కన అమ్మాయి, మధ్యలో ఇరుక్కుని నేనూ మేస్త్రీ. అమ్మాయి లారీ ఎక్కడం అదే మొదలు. డ్రైవరు నడకంత మెల్లగా పోనిచ్చాడు. ముందు అద్దం నిండా తెలుపు. చెట్టు దగ్గరకొచ్చాకే చెట్టయ్యేది. వంతెన దాటాం, పెట్రోలు బంకు దాటాం. కాటా దగ్గర మలుపు వస్తోందని డ్రైవరు చెబితే తెలిసింది. అమ్మాయి కిటికీలోంచి సగం బయటకు వంగి చూస్తోంది. నేను దాని చీర కొంగు పట్టుకున్నాను.

"ఇటు ఏమీ లేదు" అంది. "ఎవరూ లేరు. కొంచెం ముందుకు పోనివ్వండి."

డ్రైవరు గేరు వేశాడు. అప్పుడు తలుపు మీద కింది వైపు ఎవరో తట్టారు. తెరిచిన అరచేత్తో, రెండుసార్లు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. అమ్మాయి తలుపు తీసి కిందకు చూసింది. అల్లుడు ముందు చక్రానికి ఆనుకున్నంత దగ్గరలో, బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో విప్పిన ట్యూబు. కొత్త జెండా మా తలుపు పిడికి అడుగు కింద వేలాడుతోంది.

"రెండు చక్రాలూ పంక్చరయ్యాయి" అన్నాడు. "పొద్దున్నించి తోసుకొస్తున్నా. మీ లారీ వస్తుంటే చెయ్యి ఊపుతూనే ఉన్నా."

"ఇక్కడే ఉన్నారా?" అంది అమ్మాయి.

"ఇక్కడే. నువ్వు నా మీదుగా చూస్తున్నావు."

అమ్మాయి దిగి, బండికి ఒక వైపు పట్టింది. రెండో వైపు డ్రైవరు పట్టాడు, ఇద్దరూ కలిసి దాన్ని లారీలోని ఇసుక మీదకు ఎక్కించారు. పాత జెండా అమ్మాయి నడుము దగ్గర దోపి ఉంది, అల్లుడు చూశాడు. గాలి ఊసెత్తలేదు.

బల్ల దగ్గర కుర్చీలో మేస్త్రీ అప్పటికే ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు. చనిపోయినవాడి చోటు కదా. మర్నాడు వాణ్ణి లేపడానికి మేస్త్రీ పడ్డ పాట్లు వేరే కథ. అల్లుడికి కుర్చీ మిగిలింది.

ఆ నెల గడవక ముందే మేం ఇల్లు మారాం. అమ్మాయే చూసింది, అమ్మాయే మాట్లాడింది, ఎవరినీ అడగలేదు. ఫ్యాక్టరీ వెనక, కాటా అవతల, లారీలు దూరలేని సందులో రెండు గదులు. అక్కడినుంచి దానికి హోటళ్ళు దూరం, పాత గిరాకీలో సగం పోయింది. నాకు మంచం ఉంది, మేకు లేదు. చొక్కా బండి హ్యాండిలుకు తగిలిస్తాను. అల్లుడు ఇప్పటికీ దాని మీదే పనికి వెళ్తాడు, ఆ కాస్త దూరం. బండిలో లోపమేమీ లేదని అతనూ అంటాడు, నేనూ అంటాను. ఇప్పుడు దాన్ని బండి అనే అంటున్నాను.

ఇంతా చెప్పాక ఒక మాట. డ్రైవరు జేబులోంచి జెండా తీశాడన్నది నేను కల్పించాను. అమ్మాయి అంచు తడమడం, నడుముకు దోపుకోవడం, అదంతా నాదే. ఆ రోజు అతను ఖాళీ చేతులతో వచ్చాడు. ఏదో తగిలిందన్నాడు, నేలనుంచి ఇంత ఎత్తు ఉంటుందని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు, అంతే. జెండా గాలికే విరిగిందని, వంతెన మీదే విరిగిందని, ఆ మలుపులో తనకేదీ తగల్లేదని అల్లుడు ఈనాటికీ అంటాడు. తన లారీకి తగిలిందని డ్రైవరు ఈనాటికీ అంటాడు. ఇద్దరూ అబద్ధమాడే రకం కాదు, ఇక్కడ ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని జెండా నేనే అతని జేబులో పెట్టాను. పెట్టకపోతే, ఆ మంచులో ఆ చక్రాల కింద పడింది ఎవరో, వాళ్ళింటికి ఎవరైనా టోపీ తీసి వెళ్ళారో లేదో, అది ఆలోచిస్తూ పడుకోవాలి.